బొటనవేలు ముంచిన గిద్ద

నాకు సారాయి వాసన పడదు. అట్లాంటి దాన్ని గిద్దలూరు సారాయి దుకాణంలో పీపా పక్కన నిలబడ్డాను. మద్రాసు సర్కారు ఇంకా దుకాణాలను గుత్తకు ఇస్తున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు, మొగుడు పోయి ఏడాది. పుట్టింట్లో వదినె నా నోట్లోకి పోయే ప్రతి ముద్దనూ కళ్ళతో తూకం వేస్తుంటే, ఈ ముద్దల కంటే సారాయి మేలని నేనే పోయి పని అడిగాను.

దుకాణం గుత్తకు పట్టిన ఆసామి నన్ను కిందికీ మీదికీ చూసి ఒకే షరతు పెట్టాడు. "పొద్దున్నే ముందు వాకిట్లో నుంచి రావొద్దు. ముండమోపి మొకం చూస్తే బేరం రాదు. పెరటి దిక్కు నుంచి రా." బేరం చెడుతుందట! ఖద్దరు టోపీలవాళ్ళు వాకిట్లో నిలబడి తాగొద్దని దండం పెడితే, తిరిగి దండం పెట్టి లోపలికి వచ్చే జనం వాళ్ళు. శకునం చూసుకొని తాగిన తాగుబోతును నేను ఇంతవరకూ చూడలేదు.

పని నేర్పింది అక్కడ ఏళ్ళ తరబడి సారాయి పోసిన ఒక అవ్వ. ఆమెకు చూపు మందగించినందుకే నాకా పని దొరికింది. మొదటి రోజు పీపా మూత తీయగానే ఆ ఘాటుకు పెరట్లోకి పరిగెత్తి కక్కుకున్నాను. అవ్వ నవ్వలేదు, జాలీ పడలేదు. "కక్కితే కక్కినావులే. గిద్ద కింద పెట్టి పోవాల. అది ఆసామిది" అంది.

గిద్ద అంటే పిడికిట్లో పట్టేంత రాగి కొలపాత్ర. దాన్ని పీపాలో ముంచి, తాగేవాడి ముంతలో వంచాలి. అంతేగదా అని నిండుగా పోస్తుంటే అవ్వ నా చెవి మెలిపెట్టింది.

"ఏందే, నీ నాయన సొమ్మా? బొటనవేలు లోపలికి పెట్టు."

అంచు పట్టుకున్న చేతి బొటనవేలు కణుపు దాకా మునగాలి. వేలున్న చోట సారాయి ఉండదు, చూసేవాడికి మాత్రం గిద్ద నిండుగానే ఉంటుంది. "మొదటి గిద్దకు పెట్టొద్దు. తాగనోడికి కండ్లుంటాయి. రెండో గిద్ద నుంచి వానికి నీ వేలూ కనపడదు, పెండ్లాం బిడ్డలూ కనపడరు" అంది అవ్వ. ఇంకో మాట కూడా చెప్పింది. "నోరు తెరిచి అడగందే పొయ్యొద్దు. పోసినాక, నేనడిగినానా అని కొట్లాటకు వస్తారు."

నెలకు చేయి తిరిగింది. గోరు చుట్టూ తోలు తెల్లబడి పగిలింది, అన్నం కలుపుకుంటే మండేది. దానికి నేను ఏడవలేదు. నా ఏడుపంతా నా కొడుకు కోసం.

వాడు రాచర్ల దగ్గర మా అత్తగారి ఊళ్ళో ఉన్నాడు. మూడేళ్ళవాడు. మా మామ కోడలితో మాట్లాడడు, ఆ ఇంటి మర్యాద అది. నాకు చెప్పాల్సిందంతా కొట్టంలో బర్రెకు చెప్పేవాడు. "ఓ బర్రె, కూరలో ఉప్పెక్కువయింది." "ఓ బర్రె, నీళ్ళు తోడమను." నేనూ బర్రెకే జవాబిచ్చేదాన్ని. ఆ ఇంటి గుట్టంతా దానికే తెలుసు. మొగుడు చచ్చిన నెలకు ఆయన అదే బర్రె ముందు నిలబడి, "ఓ బర్రె, పుట్టింటికి పొమ్మను. పిల్లోణ్ణి ముట్టుకోవద్దను. వాడు మా వంశం" అన్నాడు. తర్వాత రెండుసార్లు పోయి ఆ వాకిట్లో కూర్చున్నాను. రెండుసార్లూ తలుపేసుకున్నారు. లోపల వాడి ఏడుపు వినిపించింది. ఊరి పెద్దలను అడిగితే, "మగబిడ్డ గదమ్మా, వాళ్ళకే చెందుతాడు" అన్నారు.

ఒక సంతనాడు పొద్దున మామ దుకాణానికి వచ్చాడు. ఆయన తాగుతాడని ఇంట్లో తెలుసు, ఎక్కడ తాగుతాడో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తలగుడ్డ సర్దుకుంటూ వచ్చి, ముంత చాపి, అప్పుడు తలెత్తాడు. చేయి అట్లే నిలిచిపోయింది. నేను అలవాటుకొద్దీ కొంగు తలమీదికి లాక్కున్నాను. లాక్కున్నందుకు నామీద నాకే ఒళ్ళు మండి, దించేశాను.

పోతాడనుకున్నాను. పోలేదు. అటూ ఇటూ చూశాడు. సారాయి దుకాణంలో బర్రె యాడుంటుంది? చివరికి పీపా దిక్కు తిరిగి, "ఓ పీపా, ఒక గిద్ద పొయ్యమను" అన్నాడు.

నేల మీద కూర్చుని తాగుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

"పీపా పొయ్యదు. పోసేది నేను. నన్ను అడగాల."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన మొకం చూసి నేను మాట్లాడిన మొదటి మాట అది. గిద్దను పీపాలో ముంచి, నిండుగా తీసి, ఆయన ముక్కుకు దగ్గరగా పట్టుకున్నాను. ఆయన మొకాన చెమట పట్టింది. నాకు పాపమనిపించలేదు. హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

"అమ్మా" అన్నాడు చివరికి. "పొయ్యమ్మా."

"నా కొడుకో?"

ఎప్పుడైనా ఎదురుపడితే ఏమనాలో నెలల తరబడి వల్లించుకున్నాను. ఆయన తిడితే ఇది, వంశమంటే అది. ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆయన చూపంతా గిద్ద మీదనే ఉంది.

"తీసకపో. ఇయ్యాలే తీసకపో. పొయ్యి."

అంతే. గెలిచినట్టనిపించాలి గదా? ఇన్నాళ్ళు నేను ఏడ్చిన బిడ్డ, వాళ్ళ వంశం, ఒక గిద్ద సారాయికి వచ్చాడు. అవ్వ చెప్పిన పాఠం గుర్తుంది, మొదటి గిద్దకు వేలు పెట్టకూడదు. గిద్దను పీపా మీదికి తెచ్చి, ఆయన చూస్తుండగానే బొటనవేలు కణుపు దాకా దించాను. సారాయి అంచు దాటి పీపాలోకి కారింది. ఆయన చూశాడు. మిగిలింది ముంతలో పోస్తే తాగి, ముంత అంచు నాకి, మళ్ళీ చాపాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన వెనకాల ఊరికి పోయాను. మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. తలుపు తీయించాడు. పిల్లోడు నన్ను గుర్తుపట్టలేదు. ఎత్తుకుంటే "తాతా, తాతా" అని వెనక్కి చేతులు చాచి, దారి పొడుగునా గుక్కపట్టి ఏడ్చాడు. పాట పాడాను, బెల్లం పెట్టాను, ఆపలేదు. కళ్ళు తుడుద్దామని మొకం మీద చేయి పెట్టాను. వాడు నా బొటనవేలు వాసన చూశాడు. ఏడుపు ఆగింది. ఆ వేలిని రెండు చేతులతో పట్టుకొని, ముక్కుకు ఆనించుకొని, "తాత" అని నిద్రపోయాడు.