మేడమ్ వెనక్కి తీసుకున్న ఫోటో

చేపల చెరువుల్లో తవుడు పులిసిన వాసన బస్సు కిటికీలోంచి గుప్పున కొట్టగానే నాకు సుగుణ మేడమ్ గుర్తొస్తారు. ఏలూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పాత ఫోటోలు తీసిన చోట్లు వెతికి, అక్కడినుంచే మళ్ళీ ఫోటో తీసి ఏం మారిందో తేల్చేవారు. నేను ఆవిడకు సహాయకురాలిని. మాట మెత్తన, పనిలో మహా మొండి. నన్ను మోకాలి లోతు బురదలో నిలబెట్టి "ఇంకొంచెం ఎడమకమ్మా" అంటుంటే లోపల తిట్టుకునేదాన్ని.

ఒకసారి కొల్లేటి లంక ఊరినుంచి ఏసమ్మ అనే ముసలావిడ ఒక ఫోటో తెచ్చింది. గొయ్యి పక్కన శవపెట్టెలో ఆవిడ చిన్న కూతురు, చుట్టూ బంధువులు, వెనక చర్చి గోపురం. సాగనంపే ముందు అలా తీయించుకోవడం మావైపు మామూలే. ఆ పిల్లకున్న ఫోటో అదొక్కటే. తుఫానుకు సమాధుల దిబ్బలు చదునైపోయాయి. ఇప్పుడు చెరువు ఆసామి పక్కనున్న మెరకను కూడా తవ్వబోతున్నాడు. శ్మశానం అక్కడే ఉండేదని రుజువైతే తవ్వకం ఆగుతుంది. "గుడి ఇదేనాండీ?" అని ఆ ఊరెళ్ళాక చర్చి చూపించి మేడమ్ అడిగారు. "ఇదేనండీ. గంట కూడా అదేనండీ," అంది ఏసమ్మ. గోపురాన్ని గురుతు పెట్టుకుని మెరకమీంచి తీశాం. రెండు ఫోటోలూ అచ్చంగా సరిపోయాయి. అవి చూసి రెవెన్యూ ఆఫీసువాళ్ళు తవ్వకం ఆపించారు. ఏసమ్మ అక్కడ సిలువ పాతి కొవ్వొత్తి వెలిగించుకుంది.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఆ ఊరి పాత పాస్టరుగారికి ఫోటోలు చూపించాం. "తుఫానుకి గుడి కూలిపోయిందండీ. అదే కొలతలతో తూర్పున కట్టి, పాత గంటే పెట్టాం," అన్నారాయన. గంట ఎక్కడుంటే ఆ ఊరికి అదే గుడి. ఏసమ్మ అబద్ధమాడలేదు, మేమే అడగవలసింది అడగలేదు. పాత పునాది వెతికి మళ్ళీ చూస్తే, శ్మశానం మెరకలో లేదు. ఎప్పుడో తవ్వేసిన చెరువులో ఉంది. "ఊరుకుందాం మేడమ్, తవ్వకం ఆగింది కదండీ," అన్నాను. "ఆవిడ ఎవరి మట్టి దగ్గర ఏడుస్తోందమ్మా?" అన్నారు మేడమ్.

ఆఫీసుకు వెళ్ళి మా రుజువు తప్పని చెప్పేశారు. అక్కడినుంచి నేరుగా ఏసమ్మ దగ్గరికే వెళ్ళాం. మేడమ్ ఆవిడ ముఖంలోకి సూటిగా చూస్తూ అన్నారు: "నేను చూపించిన చోటు తప్పండీ. క్షమించండి."

"మరి నా పిల్లేదండీ?"

మేడమ్ నీళ్ళవైపు చూపించారు. ఏసమ్మ మెరకమీదికి వెళ్ళింది. సిలువ పీకి చంకలో పెట్టుకుని, ఎక్కడ పాతాలో తెలియక గట్టుమీద అలాగే నిలబడిపోయింది. కొద్దిరోజులకే మెరక కూడా చెరువైంది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ చేసింది న్యాయమే. అయినా ఆ ఒక్క విషయంలో ఆవిడమీద నాకు కోపం పోలేదు. ఆ ఫోటోల పని ఇప్పుడు నేను చేస్తున్నాను. తప్పని తేలితే నేనే వెళ్ళి చెబుతాను. చెప్పేటప్పుడు మాత్రం తల దించుకుంటాను. ఏసమ్మ ముఖంలోకి మేడమ్ ఎలా చూడగలిగారో నాకింకా అర్థం కాదు.