ఫ్యాన్ ఆపి అడిగిన మూడు మాటలు

జిల్లాలు విడిపోయిన ఏడాది వేసవిలో నన్ను జగ్గయ్యపేట నుంచి నందిగామకు బదిలీ చేశారు. ఏ.ఆర్.టి. విభాగంలో కౌన్సెలర్ ఉద్యోగం నాది. ఏ.ఆర్.టి. అంటే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు జీవితాంతం వేసుకోవలసిన మందులు. డాక్టరు రాస్తారు, ఫార్మసిస్టు ఇస్తారు, ఆ మందు రోజూ కడుపులోకి వెళ్ళేటట్టు చూసే పూచీ కౌన్సెలర్‌ది. హోదాలో మా కుర్చీ చివరిదే కానీ పేషెంట్లు ఏడవడానికి మాత్రం ముందు మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

కొత్త చోట మొదటి రోజే నాకు నవ్వొచ్చింది. జగ్గయ్యపేటలో ఉన్నన్నాళ్ళూ నా దగ్గరికి ఎక్కువగా నందిగామ వాళ్ళు వచ్చేవాళ్ళు. నందిగామలో కూర్చుంటే జగ్గయ్యపేట వాళ్ళు వచ్చారు. సొంత ఊళ్ళో మందులు తీసుకుంటే ఎవరి కంట పడతామోనని భయం. పొద్దున్నే హైవే మీద ఎదురెదురు బస్సుల్లో ఒకరినొకరు దాటుకుంటూ పోయేవాళ్ళు.

మా పని పద్ధతి కూడా ఆ భయానికి తగ్గట్టే ఉండేది. గొంతు తగ్గించి మాట్లాడాలి. తలుపు ఓరగా వెయ్యాలి. మాటలు వరండాలోకి పోకుండా పాత ఫ్యాన్‌ను ఐదు మీద తిప్పాలి. కోవిడ్ తర్వాత మూతికి మాస్కు తోడైంది. బయట ఎక్కడైనా పేషెంటు ఎదురుపడితే మేం ముందుగా పలకరించకూడదు, వాళ్ళు పలకరిస్తేనే పలకాలి. ఇవన్నీ మంచి నియమాలే, ఇప్పటికీ అదే అంటాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ జబ్బుతో వయసులో ఉన్నవాళ్ళు పోయేవాళ్ళు. మందులు మెరుగయ్యాక అదే మనుషులు అరవై దాటి, మనవల పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. దాంతో మాకు కొత్త పనులు వచ్చాయి. బీపీ, షుగరు, కళ్ళు, మతిమరుపు. మా మెడికల్ ఆఫీసరు చిన్న వయసు డాక్టరమ్మ, ఒక్క పట్టాన దేన్నీ వదలదు. అరవై దాటిన ప్రతివాళ్ళకీ జ్ఞాపకశక్తి చూడమని నాకు అప్పగించింది. పరీక్ష చిన్నదే. మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే కబుర్లలో పెట్టి, మళ్ళీ ఆ మూడూ అడగాలి.

అలా వచ్చినవాళ్ళలో రాఘవమ్మ ఒకావిడ. పేరు మార్చి రాస్తున్నాను. జగ్గయ్యపేటలో పెళ్ళిళ్ళకు వంటలు చేసే మేస్త్రి. భర్త పోయాక చెల్లెలితో కలిసి ఉంటోంది. ఆవిడకున్న జబ్బు సంగతి ఆ చెల్లెలికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. వంట వల్ల ఆ జబ్బు ఎవరికీ అంటదు. అది మాకు తెలుసు కానీ పెళ్ళివారికి తెలియదు. తెలిసిన మర్నాడు ఆవిడ పొయ్యి ఆరిపోతుంది.

అరిటాకు, తాళంచెవి, గొడుగు అన్నాను. ఆవిడ తల ఊపింది. కాసేపాగి అడిగితే ఒక్కటీ చెప్పలేదు, మళ్ళీ తల ఊపింది. పరీక్షలో తప్పానని మాస్కు పైన నా కళ్ళు చూసే కనిపెట్టింది కాబోలు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా అమ్మ ఆఖర్న నన్నే పట్టుకుని ఎవరే నువ్వు అనడిగింది మేడమ్. నాకూ అదే వస్తంది. పెళ్ళివారు ఒకటి చెప్తే నేనింకోటి చేస్తన్నానంట. మనిషి మారిందని మా వంటోళ్ళే అనుకుంటన్నారు. ఈ మాఘం ముహూర్తాలు అయిపోగానే గరిట చెల్లెలికిచ్చి ఇంట్లో కూర్చుంటా."

ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. డాక్టరమ్మ విజయవాడలో నరాల డాక్టరుకు చూపించమని చీటీ రాసింది.

ఆ వారమే పరిటాలలో మా దూరపు చుట్టాల పెళ్ళి. చేతులు కడుక్కుందామని హాలు వెనక్కి వెళితే గాడిపొయ్యి దగ్గర రాఘవమ్మ! ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. నియమం నియమమే. అయినా కొంగుతో చేతులు తుడుచుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆవిడ వెనకనుంచి వంటతను ఒకడు "అక్కా, నూనె కాగింది" అని మూడుసార్లు కేకేశాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. విసుగొచ్చి భుజం తట్టాడు. తిరిగిందో లేదో, ముందు బూరెలు వెయ్యి, పులిహోరలో నిమ్మకాయ పిండకు, నేను పిండుతా, రెండో బంతి లేచేలోగా వంకాయ దించు అని గడగడా చెప్పేసింది. నాలుగు పొయ్యిల లెక్క తలలో పెట్టుకుని నడిపిస్తున్న మనిషికి మతి పోవడమేంటి, నా తలకాయ!

సోమవారం డాక్టరమ్మకు చెప్పాను. సరే, విజయవాడ సంగతి తర్వాత, ముందు చెవులు చూద్దామంది. చెల్లెలికి ఫోన్ చేసి రాఘవమ్మను పిలిపించి, భోజనాల వేళ వరండా ఖాళీ అయ్యేదాకా ఆగాను. ఫ్యాన్ ఆపాను. మాస్కు దించాను. ఎదురుగా కూర్చుని, పూర్తి గొంతుతో మూడు కొత్త మాటలు చెప్పాను. కాసేపాగి అడిగితే మూడూ వరసగా అప్పజెప్పింది.

"మరి ఆ రోజు చెప్పలేదేం రాఘవమ్మగారూ?"

"వినపడితేగా మేడమ్!"

"వినపడలేదని అనొచ్చుగా!"

"మీరేమో రహస్యంగా చెప్తంటిరి. బయటేమో వరండా నిండా జనం. గట్టిగా చెప్పండని నా నోటితో ఎట్టా అడగను?"

లేచి డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

తర్వాతి పని చెవి డాక్టరుది. గుబిలి తీశారు, కొద్దిగా తేడా వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమనే పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తగ్గిందని తేలింది. వయసు వల్లనో, పొయ్యిల హోరు వల్లనో, ఇంకేదైనానో కచ్చితంగా చెప్పలేమన్నారు. చెవి మిషన్ పెట్టుకోమన్నారు. మా డాక్టరమ్మ ఆవిడకు విడమరిచి చెప్పింది. ఈ జబ్బుతో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు మతిమరుపు కాస్త ముందే రావచ్చు. సరిగా వినపడని మనిషి నలుగురిలోకి రావడం మానేస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చెవిని బాగుచేసుకుంటే కొంత తగ్గే అవకాశం ఉంది. కచ్చితంగా తగ్గుతుందని మాత్రం హామీ ఇవ్వనంది.

రాఘవమ్మ ససేమిరా అంది. చెవిలో మిషన్ చూసి ఏమైందని అడుగుతారు, ఒకదాన్నుంచి ఒకటి లాగుతారు, చివరికి అసలుది బయటికొస్తుంది అని ఆవిడ భయం. అది తీసిపారేసే భయం కాదు. డాక్టరమ్మ నా వైపు చూసింది.

"ఇంట్లో రాత్రి మాత్ర వేసుకోమని ఎవరు గుర్తుచేస్తారు?" అనడిగాను.

"మా చెల్లెలు."

"ఎలా చెప్తుంది?"

ఆవిడ తలుపు వైపు చూసింది. తర్వాత చిన్నగా అంది: "అరుస్తది మేడమ్. మొన్న పక్కింటావిడ అడిగింది, మీ అక్క రోజూ ఏం మాత్రలేసుకుంటందని."

"చూడండి మరి. మిషన్ చూస్తే చెవుడనుకుంటారు. అరుపులు వింటే ఏమనుకుంటారో మీరే చెప్పండి. మిషన్ పెట్టుకుంటే మీ చెల్లెలు చెవిలో చెప్పినట్టు చెప్పొచ్చు, నేనూ చెప్పొచ్చు."

మర్నాడే చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చి కొలతలిచ్చింది.

మొదటి నెలంతా తిట్టింది. గరిట మోత, అప్పడాల చప్పుడు, ఇంత గోలలో ఇన్నేళ్ళు ఎట్టా బతికానమ్మా అంది. మిషన్ సర్దించుకోవడానికి రెండుసార్లు తిరిగింది, పొయ్యి పక్కన తీసేసి వడ్డన దగ్గర పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, గరిట ఆవిడ చేతిలోనే ఉంది. తర్వాతి పరీక్షల్లో జ్ఞాపకశక్తి నిలకడగా ఉంది. ముందు ముందు ఎలా ఉంటుందో చూస్తూ ఉండాల్సిందేనని డాక్టరమ్మ రాసుకుంది.

నా రిటైర్మెంటుకు నెల ముందు జగ్గయ్యపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాం. బంతిలో కూర్చున్నాక మా ఆయన చెవి దగ్గర గొంతు తగ్గించి, పప్పులో ఉప్పు తగ్గినట్టుంది అన్నాను. వెనకనుంచి జవాబొచ్చింది.

"ఉప్పు సరిపోయిందండీ. బీపీ ఉన్నోళ్ళకి అంతే మంచిది."

తిరిగి చూస్తే రాఘవమ్మ, చేతిలో నెయ్యి గిన్నె. నన్ను జన్మలో చూడనట్టే మొహం పెట్టి, నా పప్పులో నెయ్యి వేసి ముందుకు వెళ్ళిపోయింది. అంత చిన్న మాట ఆవిడకెలా వినపడిందని మా ఆయన ఆశ్చర్యపోయాడు. పాముచెవులేమో అన్నాను. నాకు పట్టరాని సంతోషం వేసింది, ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

ఎవరి మతి సంగతైనా తేల్చే ముందు, చెప్పింది వాళ్ళకు వినపడిందో లేదో చూసుకోవాలి. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది అదే. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి బాధ్యతలు అప్పగించిన రోజు, బీరువా తాళాలకంటే ముందు ఫ్యాన్ స్విచ్ చూపించాను.