ఇంజనుకు పెట్టిన బొట్టు

మా ఆయన పట్టాళంలో మోటారు పనికి వెళ్ళిన ఏడు, పూతలపట్టు దగ్గర చేనింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎప్పుడో ఒక జాబు వచ్చేది. అందులో సగం పట్టాళం వాళ్ళే నల్లసిరాతో కొట్టేసి పంపేవాళ్ళు. నాయన ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు గనక, మిగిలిన సగమైనా ఇంకొకరి చేత చదివించుకునే పని లేకుండా పోయింది. అదే పదివేలనుకునేదాన్ని.

బావి మీద మాకు కిరసనాయిలు ఇంజను ఉండేది. చల్లగా ఉన్నప్పుడు అది కిరసనాయిలుకు పలకదు. దాని నెత్తిన చిన్న ఇత్తడి గిన్నె, గిన్నె అడుగున సన్నటి బెజ్జం, దాని కింద ఒక మర. గిన్నెలో చెంచాడు పెట్రోలు పోసి, మర తిప్పి లోపలికి దింపి, మళ్ళీ మూసి చక్రం తిప్పాలి. ముందు పెట్రోలు అంటుకుని ఇంజను వేడెక్కితే, ఆ తర్వాత కిరసనాయిలు అందుకుంటుంది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరికేది కాదు. మా ఆయన ఒక్క సీసా అటక మీద దాచి, "మరీ గతి లేకుంటేనే తియ్యి మే" అని చెప్పి వెళ్ళారు. అందుకే నేను ఇంజను జోలికి పోలేదు. ఎడ్లతో కపిల తోలించుకుని, తోలు బానతోనే నీళ్ళు పారించాను.

ఆయుధపూజ నాడు మాత్రం దాన్ని మరిచిపోలేదు. కొడవళ్ళకీ గొడ్డలికీ బొట్లు పెట్టి ఇంజను దగ్గరికి వెళ్ళాను. దానికి ముఖం ఏదో తెలియలేదు. అన్నిటికన్నా పైన ఉందని ఆ ఇత్తడి గిన్నెకే పసుపు మెత్తి కుంకుమ పెట్టాను. బాగా దట్టంగానే పెట్టాను. ఇంట్లో ఇంకెవరికి పెట్టాలని!

ఆ ఏడు దసరా తర్వాత వాన ముఖం చాటేసింది. వరి పొట్ట మీద ఉంది. సరిగ్గా అప్పుడే ఎడ్లలో ఒకటి కాలు విరగ్గొట్టుకుంది. నాలుగు రోజుల్లో తడి అందకపోతే కంకి తాలుపోతుంది. ఏడాది తిండి పోతుంది. సీసా కిందికి దించాను.

పక్క చేని మామ గట్టు మీద నిలబడి చూశాడు.

"యాడన్నా ఆడోళ్ళు ఇంజను తిప్పేది ఉండాదా మే? చెయ్యి ఇరగ్గొట్టుకుంటావు."

"అయితే నువ్వొచ్చి తిప్పు మామా."

"నాకొద్దు తల్లీ ఆ దయ్యం పొత్తు. ఎద్దు మొండికేస్తే తోక మెలేస్తా. దీనికి తోక యాడుండాదో సూపించు, వొస్తా" అని నవ్వి, తన పనికి వెళ్ళిపోయాడు.

గిన్నెను పైపైన తుడిచి పెట్రోలు పోశాను. మర తిప్పి, మూసి, చక్రం తిప్పాను. పలకలేదు. గిన్నె నిండుగానే కనిపిస్తోంది, ఇంజను కడుపు నిండిందేమో అనుకున్నాను. చూస్తుండగానే ఎండకు గిన్నె ఆరిపోయింది. మళ్ళీ పోశాను. అలా ఎన్నిసార్లు పోశానో, చివరికి సీసాలో అడుగున రెండు చెంచాలే మిగిలాయి. భుజాలు పీక్కుపోతున్నాయి. అలిమేలుమంగమ్మను తలుచుకుని బావి గట్టున కూలబడ్డాను. ఏం చేయాలని అడగడానికి ఒక్క మనిషి లేడు.

అప్పుడు నాయన తుపాకి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నాయన అడవిపందుల మీదికి ఒకసారి ఎత్తి మీట లాగితే, పైనున్న చిన్న రాగి టోపీ టప్పుమంది గానీ తుపాకి పేలలేదు. పందులు శెనగచేనంతా పెళ్ళగించి పోయాయి. తెల్లారి నన్ను కూర్చోబెట్టి చూపించాడు.

"ఇదో, దీని చెవి సూడు పాపా. టోపీలో పుట్టిన నిప్పు ఈ చెవిలోంచి పోయి లోపలి మందుకు తగలల్ల. మసి అడ్డం పడినాది. నిప్పు బయటే సచ్చింది. మందేం చేస్తాది పాపం?"

నా వేళ్ళు సన్నమని ఆ చెవి శుభ్రం చేసే పని అప్పటి నుంచి నాకే ఇచ్చాడు.

లేచి గిన్నెలోకి తొంగి చూశాను. అడుగున పసుపు ఎండి గట్టిపడి ఉంది. నేను పెట్టిందే. తాళికున్న పిన్నీసు తీసి, మర తెరిచి, బెజ్జంలో గుచ్చి గుచ్చి తిప్పాను. పసుపు పొడి పొడిగా ఊడింది. నోటితో ఊది, మిగిలిన రెండు చెంచాలూ పోశాను. ఈసారి గిన్నె ఖాళీ అయింది. మర మూసి చక్రం తిప్పాను. ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాను. గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. అమ్మవారికీ నాయనకూ కలిపి ఒకే దండం పెట్టాను.

గట్టు మీద పరుగు చప్పుడైంది. మామ తలగుడ్డ చేతిలో పట్టుకుని, రొప్పుతూ వచ్చాడు. ముఖమంతా నవ్వు.

"ఎప్పుడొచ్చినాడు మే? యాడ?"

"ఎవరు మామా?"

"మీ ఆయన. ఇంజను పలికింది గదా!"

"రాలేదు మామా. నేనే."

ఆయన నీళ్ళకేసి చూశాడు, నాకేసి చూశాడు. తలగుడ్డ మెల్లగా చుట్టుకున్నాడు. "అట్లనా. మంచిదేలే తల్లీ" అని వెనక్కి తిరిగాడు. అంతవరకూ నాకు సంతోషంగానే ఉంది. ఆయన రాలేదని నా నోటితో నేనే అన్నాక, ఆ లోటు అప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రానికి చివరి మడి దాకా తడి అందింది. ఎక్కడెక్కడో అడిగి ఇంకో అర సీసా సంపాదించాను, పంట చేతికొచ్చింది. మా ఆయన ఇల్లు చేరే లోపల ఆ ఇంజనును చాలాసార్లు నడిపాను. ఆ చప్పుడుకు మామ మళ్ళీ ఎప్పుడూ పరుగెత్తి రాలేదు.