సాకు

ఆ రోజుల్లో మా సంఘంలో దేవుని నడిపింపు లేకుండా ఎవరూ గడప దాటేవాళ్ళు కాదు. బళ్ళారి బస్సు దొరికితే నడిపింపు, తప్పిపోతే అదీ నడిపింపే. ఒకాయన బర్రెను కొనేముందు మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు. కొన్న నెలకే అది ఒట్టిపోతే, ఎందుకిలా నడిపించావు ప్రభువా అని ఇంకో మూడు రోజులు ఉన్నాడు. నేను నవ్వేదాన్ని. అలా నవ్వినదాన్నే అందరికంటే లోతు గుంటలో పడ్డాను.

అప్పుడు మేము కురుగోడు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన కాలం. మా ఆయన మిషను బడిలో తెలుగు పంతులు. నేను చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదు. "ఊరి పిల్లల ముక్కులన్నీ తుడిస్తివి, నీకంటూ ఒకటి లేకపాయె" అని ఎవరో ఒకరు అననిదే పొద్దు గూకేది కాదు.

బడి వెనక ఇంట్లో మా సంఘంవాళ్ళే ఉండేవాళ్ళు. కాలువ గట్టు పనికి పోయే ఒకాయన, ఆయన తల్లి, భార్య. అత్తాకోడళ్ళకు రెండు భాషలూ వచ్చు. వాళ్ళలో వాళ్ళు కన్నడం, మాతో తెలుగు. కోడలు ఆడపిల్లను కని, అయిదో రోజున జ్వరంలో పడింది. పదో రోజుకు మంచం మీద మనిషి ఉందా లేదా అన్నట్టు అయిపోయింది.

ఆ పొద్దున నేను ప్రార్థనలో పచ్చిగా అడిగేశాను. "ప్రభువా, ఆమె బతికితే నీకు స్తోత్రం. బతక్కపోతే ఆ బిడ్డ నాకేనా? ఒక్క మాట చెప్పు." తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కంపరం పుడుతుంది. పక్కింటామె చావుబతుకుల్లో ఉంటే నేను నా వాటా అడిగాను.

మధ్యాహ్నం వాళ్ళింట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. అవతలి వైపు అత్త, కోడలి తల ఎత్తి పట్టుకుని గ్లాసుతో నీళ్ళు తాగిస్తోంది. రెండు గుక్కలు లోపలికి పోయాయి. కోడలు కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "సాకు" అంది. అదే ఆఖరి మాట. గంట గడవకముందే పోయింది.

తెలుగులో సాకు అంటే పెంచు. కన్నడంలో సాకు అంటే చాలు. కన్నడంలోనూ పెంచమనే అర్థం లేకపోలేదు గానీ, నోటి దగ్గర గ్లాసు ఉన్నప్పుడు సాకు అంటే ఇక చాలనే. నేను మాత్రం తెలుగే విన్నాను. పొద్దున అడిగాను, మధ్యాహ్నానికి జవాబు వచ్చేసింది.

ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. నా ప్రార్థన, ఆమె చూపు, ఆ మాట, అన్నీ చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. ఆ మాట అనేటప్పుడు నా వైపున్న ఆమె చెయ్యి కొంచెం లేచి, ఇంక వద్దన్నట్టు అడ్డంగా ఆడింది. కళ్ళకు పొర కమ్మిన అత్తకు అది కనబడలేదు. నేను చూశాను.

"స్తోత్రం" అన్నారు అందరూ. పిల్ల తండ్రి తలూపాడు. ఆయన తల్లి, ఆ ముసలమ్మ, బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇంటికి వచ్చాక మా ఆయన ఒక్కటే అన్నాడు: "తెలుగులో సాకుకు ఇంకో అర్థం కూడా ఉంది." నెపమనే అర్థం ఉందని నాకు తెలియదా? తెలుగు పంతుల్ని కట్టుకుంటే ఇదే ఖర్మ. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు బిడ్డ ఆయన వేలు పట్టుకుంది. ఆ తర్వాత ఆయనా ఆ సంగతి ఎత్తలేదు.

ఇక మొదలైంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ముసలమ్మ చర్చి మెట్ల దగ్గర నిలబడేది. పిల్లను ముట్టుకునేది కాదు. నన్నే అడిగేది.

"పంతులమ్మా, నా కోడలు సాకు అనింది పిల్లని గురించేనా?"

"అవునవ్వా."

మళ్ళీ ఆదివారం అదే ప్రశ్న. పిల్లను వెనక్కి లాక్కోవాలని చూస్తోందని నాకు గుబులు. గుబులు ముదిరి కోపమయింది. ఒకసారి నలుగురి ముందే, "ఎన్నిసార్లు చెప్పాల నీకు? నా ఇంట్లో నీ మనవరాలికి ఏం తక్కువయింది?" అని కసురుకున్నాను. తల వంచుకుని వెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం మళ్ళీ అక్కడే నిలబడి ఉంది. చివరికి మాకు ఎమ్మిగనూరు బదిలీ అయితే, అంతా దేవుని నడిపింపని అందరితోనూ చెప్పుకున్నాను. బదిలీకి అర్జీ రాయించింది నేనే.

ఊరు మారినా నాకు నెమ్మది లేదు. పిల్లకు నీళ్ళు తాగిస్తుంటే, అది మూతి తిప్పుకుని చెయ్యి అడ్డంగా ఆడించేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా గ్లాసు కింద పెట్టేసేదాన్ని. పిల్లకు అది ఎవరూ నేర్పలేదు.

పిల్లకు ఏడో ఏడు నడుస్తుండగా కబురు వచ్చింది. ముసలమ్మ మంచం పట్టిందట, పిల్లను ఒకసారి చూడాలందట. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. అదే ఇల్లు, అదే మంచం. ముసలమ్మ పిల్ల చెంపలు తడిమి చూసి, నా వైపు తిరిగింది. ఇదిగో, ఇప్పుడు పిల్లను ఇమ్మంటుంది అనుకున్నాను.

"పిల్లని నీకాడనే పెట్టుకో పంతులమ్మా. నేనేమన్నా అడిగితినా? నాకు ఒకటే చెప్పు. ఆ పొద్దు దాని నోట్లో నీళ్ళు పోస్తాంటి. సాకు అనింది, సాలనిందనుకొని గ్లాసు పక్కన పెడితి. నువ్వేమో పిల్లని సాకమనిందంటివి. అట్లయితే దానికి నీళ్ళు ఇంకా కావల్లనేమో. నేను పొయ్యకపోతినే. దప్పితోనే పాయెనా నా కోడలు? నీళ్ళు ముట్టుకుంటే అదే గుర్తుకొస్తాది. గొంతు దిగేది లేదమ్మా."

ఇన్నేళ్ళూ ఆమె అడిగింది ఇదా!

నోరు తెరిస్తే సరిపోయేది. లేదవ్వా, నీళ్ళు చాలనే అంది, చెయ్యి ఆడించడం నేను చూశాను అంటే ఆ ప్రాణం కుదుటపడేది. పిల్లను నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకుపోరు. ఆ మాట ఆమే చెప్పేసింది. పోయేదల్లా నా సాక్ష్యం ఒక్కటే, ఈ బిడ్డను దేవుడే నోరు తెరిచి నాకిచ్చాడని ఊరూరా చెప్పుకున్న నా గొప్ప ఒక్కటే. అప్పుడు దేవుడు నన్నేం చెప్పమంటున్నాడో నాకు తెలుసు. నా బతుకులో ఏ నడిపింపూ అంత తేటగా రాలేదు. తెలుగా కన్నడమా అని తడుముకునే పనే లేదు.

పిల్ల నా కొంగు పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది.

"ప్రార్థన చేద్దాం అవ్వా" అన్నాను.

కళ్ళు మూసుకుని చాలాసేపు చేశాను. మంచి మంచి మాటలే వచ్చాయి, అలవాటయిన నోరు కదా. పిల్ల "ఆమెన్" అంది. కళ్ళు తెరిస్తే ముసలమ్మ ఆ పొర కమ్మిన కళ్ళతోనే నా వైపు చూస్తోంది. ఆమె అసలు కళ్ళు మూసుకున్నట్టే లేదు. నాలుగు గంటలకు బస్సు ఉందని చెప్పి లేచాను.