ఒక్క శాలువా, రెండు దేశాలు

ప్రపంచంలో మా తాత ఇస్తారి చేసినన్ని సన్మానాలు ఏ రాజూ, ఏ మంత్రీ చేసి ఉండడు. ఢిల్లీ వాళ్లు ఏడాదికి నాలుగు చేసి అలసిపోతారు. మా తాత పడవ వచ్చినప్పుడల్లా ఒకటి చేసేవాడు. అదీ ఒకే ఒక్క శాలువాతో.

అందులో గారడీ ఏమీ లేదు. సభ ముగియగానే శాలువా తిరిగి లాక్కునేవాడు. "సన్మానం నీది, శాలువా నాది" అని మడతపెట్టి చంకలో పెట్టుకునేవాడు.

ఆయనది మగ్గం పని. ఊరు కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున. ఒకసారి నూలు కోసం కరీంనగర్ పోయి, చాయ్ హోటల్లో రేడియో విన్నాడు. ఎవరో పరదేశపు పెద్దమనిషి ఢిల్లీకి వచ్చాడట. రెండు మిత్రదేశాల మధ్య స్నేహాన్ని బలపరిచినందుకు ఆయనకు శాలువా కప్పారట. మా తాత చేతిలో చాయ్ చల్లారిపోయింది. పాత పడుగు పోగుకు కొత్త పోగును మెలిపెట్టి అతకడం ఆయనకు రోజూ ఉండే పనే. దేశాలను కూడా అలాగే అతుకుతారని ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చేలోగా తనకూ రెండు మిత్రదేశాలను చూసుకున్నాడు. ఇవతలి ఒడ్డు కరీంనగర్ దేశం. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ దేశం. అవతలి నుంచి వచ్చే ప్రతి మనిషీ రాయబారే.

చలికాలం పొద్దున్నే ఒడ్డున నిలబడితే ఆయన మాట నిజమేననిపించేది. అవతలి ఒడ్డు ఉండేది కాదు. ఏకిన దూదిలాంటి పొగమంచులోంచి మొదట పడవ ముక్కు బయటపడేది. తర్వాత తెడ్డు వేస్తున్న వెంకటి, ఆ వెనక భుజాల మీద మంచు మోస్తూ మనుషులు. వాళ్లు నిద్రలోంచి నేరుగా నడిచి వస్తున్నట్టు ఉండేవాళ్లు.

నిర్మల్ బొమ్మలు అమ్మే దేవదాస్ ఒకనాడు అలాగే దిగాడు. కాలు ఇసుకలో పెట్టాడో లేదో భుజాల మీద శాలువా పడింది.

"ఇస్తారన్నా, ఏందే ఇది? నేనేం జేసిన?"

"మీ దేశం కొయ్యమామిడికాయలు మా దేశానికి తెచ్చినవ్. మా పోరగాండ్లు నిజమనుకొని కొరికిండ్రు. దోస్తాన్ గట్టిపడ్డది. నడువ్, ఇంటికాడ సభ ఉన్నది."

ఇంటి అరుగే సభ. దేవదాస్‌కు గిన్నెడు చల్ల ఇచ్చి, మా తాత గొంతు పెంచి అడిగాడు.

"మీ దేశంల వానలెట్లున్నయ్?"

"మంచిగనే ఉన్నయ్."

"జొన్న?"

"మంచిగనే ఉన్నది."

"తులసిమాల అంబదాసు కోడలికి జరమొచ్చిందట గద. లేచిందా? అన్నం తింటుందా?"

"అరె, గంత గట్టిగ ఒర్రుతవేందన్నా! నేనేమన్న చెవిటోన్నా?"

"సభ అన్నంక గట్టిగనే మాట్లాడాలె. నువ్వు గూడ గట్టిగ చెప్పు."

ఒకసారి అవతలి ఊరి మేక ఒకటి తప్పిపోయి పడవెక్కి వచ్చింది. దానికీ శాలువా కప్పాడు. అది అంచు నమిలింది. "ప్రసంగం బాగున్నది" అని చప్పట్లు కొట్టి, దాన్ని కూడా అంబదాసు కోడలి గురించే అడిగాడట.

ఇదంతా జరుగుతున్నంత సేపూ ఆయన ఇల్లాలు సమ్మవ్వ తలుపు చాటున చేట పట్టుకుని చెరుగుతూ ఉండేది. ఇంట్లో గింజ లేని రోజున కూడా చెరిగేది. "నేసిన బట్ట ఎవలు కొంటరో ఫికర్ లేదు. మేకకు శాలువా! ముసలోనికి పూర్తిగ పాగల్ లేసింది" అని గొణిగేది.

అంబదాసు కోడలు ఎవరో కాదు, సమ్మవ్వ కన్నబిడ్డ కనకవ్వ. నిర్మల్‌కు ఇచ్చారు. పెళ్లయ్యాక అత్తవారింటి విందుకు రమ్మంటే, యాటకూర తిందామని సమ్మవ్వ వాడకట్టునంతా వెంటేసుకుని గోదావరి దాటింది. తీరా పోతే అంబదాసుది పాండురంగడి భక్తుల ఇల్లు. యాట లేదు, కోడి లేదు. పోలెలు, అంటే బొబ్బట్లు పెట్టారు, వాటి మీద నెయ్యి పోశారు, మళ్లీ పోలెలే పెట్టారు.

"ఇది పెండ్లి విందా, ఉపాసం విడిచే దినమా?" అంది సమ్మవ్వ.

అంబదాసు భార్య సక్కుబాయి తక్కువ తిన్నదా! "యాట గావాలంటే అంగడికి పోవాలె వదినె, విందుకు వచ్చుడెందుకు?"

"ఇగ ఆ ఇంటి ముచ్చట నా నోట వస్తే, నా నోట్ల మన్ను వడ" అని ఒట్టు పెట్టుకుని సమ్మవ్వ పడవెక్కింది. ఆ తర్వాత బిడ్డ ఎలా ఉందని కూడా అడగలేదు. అడిగితే ఆ ఇంటి ముచ్చటే అవుతుంది కదా.

అలా ఉండగా కనకవ్వ నీళ్లోసుకుంది. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లో జరగాలి. సక్కుబాయి మాత్రం వెంకటితో ఒక్కటే మాట పంపింది: "తల్లి నోరు తెరిచి పిలిస్తేనే పంపుత." సమ్మవ్వ విని చేట అందుకుంది. నెలలు నిండుకొస్తున్నాయి. సమ్మవ్వకు నిద్ర లేదు, నోరూ లేదు.

అప్పుడు మా తాత దేవదాస్‌తో కబురు పంపాడు: "రెండు దేశాల దోస్తానికి పాటుపడ్డందుకు సక్కుబాయికి మా ఒడ్డు మీద సన్మానం. తప్పకుంట రావాలె."

సక్కుబాయి ఏం పాటుపడిందో ఆమెకే తెలియదు. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఎవరూ శాలువా కప్పలేదు. బయలుదేరింది. నిండు చూలాలైన కోడలిని ఒంటరిగా వదలలేక వెంట తీసుకొచ్చింది.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే నది చప్పుడే గానీ నది లేదు. సమ్మవ్వ చేట పట్టుకుని ఒడ్డు దాకా వచ్చింది.

"ఇసుక చెరుగుతవానే?" అన్నాడు మా తాత.

పడవ వచ్చి ఆగింది. సక్కుబాయి దిగింది. శాలువా పడింది. ఆమె గడ్డం పైకెత్తింది.

"ఇగ మాట్లాడు చెల్లె" అన్నాడు మా తాత.

"నేను మాట్లాడ. ముందుగాల మా వదినెను మాట్లాడమను."

అందరూ సమ్మవ్వ వైపు చూశారు. ఆమె ఇసుక వైపు చూసింది. అంతలో సక్కుబాయి వెనక నుంచి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని చలికి వణుకుతూ కనకవ్వ దిగింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?" అంది సమ్మవ్వ.

"పోలె తిన్న అవ్వా."

"కడుపుతోని ఉన్న పిల్లకు పోలెనా! ఆ ఇంట్ల పోలె తప్ప ఇంకోటి వండరా? రాండ్రి, ఇద్దరు ఇంటికి రాండ్రి, కారం కారంగ ఇంత పులుసన్న పోస్త!"

అనేసి, సమ్మవ్వ చప్పున నోటికి చేట అడ్డం పెట్టుకుంది.

"పిలిచింది! పాండురంగా, మా వదినె పిలిచింది!" అని సక్కుబాయి నవ్వింది. భుజాల మీది శాలువా తీసి కోడలి చుట్టూ, కడుపు చుట్టూ కప్పింది. "నాకెందుకన్నా ఇది? పిల్ల వణుకుతున్నది."

మధ్యాహ్నం పులుసన్నం పెడుతూ సమ్మవ్వ అంది, "జరం వచ్చి లేచిన పాణం, మెల్లగ తిను. కాళ్ల వాపు తగ్గిందా?"

కనకవ్వ చెయ్యి ఆగింది. "ఇవన్ని నీకెట్ల ఎరుక అవ్వా? నేనెవ్వలితోని చెప్పి పంపలే గద."

సమ్మవ్వ తలుపు చాటు వైపు చూసింది, అక్కడి నుంచి అరుగు వైపు చూసింది. ఒట్టు తప్పకుండా ఒక తల్లికి కబురు చేరాలంటే ఊరంతా తనను పిచ్చివాడనుకున్నా ఫరవాలేదనుకున్న మనిషి, అరుగు మీద బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు.

ఆ కడుపులో ఉన్నది నేను. పుట్టగానే నన్ను ఆ శాలువాలోనే చుట్టారు. రెండు దేశాల మైత్రికి ఎంత సేవ చేసి ఉంటే అంతమందిలో నాకొక్కడికే అది మిగిలిందని నేను చాలా కాలం గర్వపడ్డాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"తాతా, అందరి దగ్గర శాలువా గుంజుకున్నవ్. నా దగ్గర ఎందుకు గుంజుకోలే?"

మా తాత నా వైపు కూడా చూడలేదు. "గుంజుకుందామనే వచ్చిన. అప్పటికే నువ్వు దాన్ని తడిపి పెట్టినవ్ రా."