గోడ మీది ‘క’

సద్దుల బతుకమ్మ నాడు, సాయంత్రం నాలుగు గంటలకు, బతుకమ్మను నెత్తిన ఎత్తుకున్నాను. తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న యేడు అది. జనగామలో రోడ్డు మీదే ఆడాలని మా వాడ ఆడవాళ్లం అనుకున్నాం.

అంతకు ముందు నెల జ్వరం వచ్చి పోయాక, తల తిప్పితే చాలు లోకం గిర్రున తిరిగేది. కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నాను. అదే తప్పట.

“తల ఎంత తిరిగితే కన్ను అంత ఎదురు తిరగాలె అవ్వా,” అంది దవాఖాన డాక్టరమ్మ. “తల ఎటు తిరిగిందో చెవి చెప్తే మెదడు ఆ లెక్క కడ్తది. జరంతోని నీ లోపలి చెవి దెబ్బతిన్నది, లెక్క తప్పింది. పండుకుంటే మెదడు కొత్త లెక్క నేర్వదు. ఎదురుంగ ఒక్క గుర్తునే చూసుకుంట తల అటిటు తిప్పు.”

పెద్దల బడిలో నాకు అప్పటికి కుదురుగా వచ్చిన అక్షరం ‘క’. గోడ మీద సుద్దతో రాసి, దాన్నే చూస్తూ తల తిప్పాను. అక్షరం ఊగింది. కక్కుకున్నాను. మళ్లీ తిప్పాను.

“ఈ యేడు బతుకమ్మను నేనెత్తుకుంట తియ్ వదినా, నువ్వు నడిరోడ్డు మీద పడ్తవ్,” అని నవ్వింది ఆడబిడ్డ.

“పడితే లేస్త. నువ్వు పాట మర్చిపోకు, సాలు,” అన్నాను.

రోజూ తిప్పాను. అక్షరం నిలిచింది.

రోడ్డెక్కాక, నెత్తిన బతుకమ్మతోనే తల తిప్పి వెనక్కి చూశాను. ఆడబిడ్డ, పెద్ద కోడలు, ఎదురింటి అక్క, బడి పంతులమ్మ. అందరూ నిలకడగా కనిపించారు.