వీపు కింద చెయ్యి

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. పోయినవాళ్లు తిరిగి రారని సండే స్కూల్లో నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు తటపటాయించాను.

హైదరాబాద్ యాకుత్‌పురాలో ఒక చిన్న ఆసుపత్రిలో స్కానింగ్ డాక్టర్ని. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం పదకొండేళ్ల పాపను తీసుకొచ్చారు. కుడివైపు కడుపునొప్పి, వాంతులు. అపెండిక్స్ అని సర్జన్ అనుమానం. వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

"గ్యాసే మేడమ్. నిన్న పానీపూరి మస్తు తిన్నది. స్కానింగ్‌ల కనబడితేనే ఆపరేషన్. లేకుంటే ఇంటికి తోల్కపోత" అంది. భర్తకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లి తలుపు వేసింది. గదిలో పాప, నేను, అంతే.

నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాను. అక్కడే స్కానింగ్ యంత్రం ప్రోబ్‌ను పొట్టకు ఆనించి మెల్లగా నొక్కుతూ వెతికాను. పేగుల్లోని గాలి తెర మీద పొగలా అడ్డుపడింది. పావుగంటైనా ఏమీ దొరకలేదు. ఇలాంటప్పుడు రెండో చేతిని వీపు కింద పెట్టి పైకి నొక్కుతాం. వెనక దాక్కున్న అపెండిక్స్ ముందుకొస్తుంది. ప్రభువా, చూపించు అని మనసులో అనుకుని, చెయ్యి పెట్టబోయాను.

పెట్టకముందే పొట్ట ప్రోబ్ వైపు లేచింది. గాలి పక్కకు తప్పుకుంది. చిటికెన వేలంత లావున వాచిన అపెండిక్స్, నొక్కినా అణగకుండా కనిపించింది. నా ఎడమ చెయ్యి కీబోర్డు మీదే ఉంది. దానితోనే తెర మీది బొమ్మను కదలకుండా ఆపాను.

"మీ చెయ్యి మస్తు సల్లగుంది మేడమ్" అంది పాప.

"ఏ చెయ్యమ్మా?"

"ఎనుక పెట్టిన్రు గదా. తియ్యకున్రి, జర మంచిగుంది."

నడుము ఎత్తావా అని అడిగాను. కదిలితేనే ప్రాణం పోతోందట, ఎట్లా ఎత్తుతానంది. వీపు కింద తడిమి చూశాను. దుప్పటి తప్ప ఏమీ లేదు. స్కానింగ్‌కు పూసే జెల్లీ చల్లదనం అనుకుందామంటే, అది పూసింది ముందువైపు.

బొమ్మ చూశాక వాళ్లమ్మ ఆపరేషన్‌కు సంతకం పెట్టింది. సాయంత్రమే ఆపరేషన్ అయింది. ఇంటికి వెళ్లి ఉంటే అపెండిక్స్ రాత్రికి పగిలేదని సర్జన్ అన్నారు.

ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు ఒక పాపను కాపాడాడని చెప్పి కూర్చున్నాను. చెయ్యి సంగతి నోటికి రాలేదు. దేవదూత అనుకుందామంటే, అంత చల్లగా ఎందుకుంది? నా ప్రార్థనకు జవాబే అయితే, నాకు భయమెందుకు వేసింది?

ఇప్పటికీ ఎవరి వీపు కిందైనా చెయ్యి పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. దేనికోసం ఆగుతున్నానో నాకే తెలియదు.